కుడిచేతి వెన్న

మా అత్తయ్య కూర్చుని ఉండగా చూసినవాళ్ళు తక్కువ. కూర్చుంటే కుట్టుమిషన్ ముందే. చొక్కాల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళుగా కాలర్లు కుడుతోంది. చేయి తిరిగిన మనిషి. అక్కడ ఆమెను అందరూ తుఫాను అంటారు. ఇంట్లో మేమూ అంటాం, ఆమె వెనకాల.

అలాంటి మనిషికి నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. మందులతో, వ్యాయామాలతో చేయి లేచింది గానీ ఈలోగా ఇల్లు నరకమైంది. కాలుగాలిన పిల్లిలా వంటింటికీ వసారాకీ తిరగడం, నేను మడిచిన బట్టలు విప్పి మళ్ళీ మడవడం. డాక్టరు కళ్ళు మూసుకోమని సూదిమొనతో వేళ్ళు తాకి చూస్తుంటే, ఆయన అడగక ముందే "తెలుస్తోంది, తెలుస్తోంది" అని తొందరపెట్టి లేచొచ్చింది. కళ్ళు పూర్తిగా మూసుకోలేదని నాకు అప్పుడే అనుమానం.

సోమవారం కత్తెర పట్టించి చూస్తానని సూపర్‌వైజర్ కబురు పెట్టాడు. పట్టగలిగితే ఆమె మిషన్ ఆమెది. లేకపోతే ఇక ఇంట్లోనే. ఇంట్లో అంటే నా నెత్తిన. ఆమె నెగ్గాలని ఆమెకన్నా నాకే ఎక్కువ ఆత్రం.

శనివారం పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి మీగడ గిన్నె తీసింది. పది రోజుల మీగడ. దాన్ని తోడేసి, పులిశాక మళ్ళీ లోపల పెట్టింది నేనే. మిక్సీ అందుకోబోతే ఒంటికాలి మీద లేచింది.

"మిక్సీ ఎవడిక్కావాలి? ఆ సీసా ఇటు తే. నా ఎడమచెయ్యి కట్టెయ్."

"కట్టెయ్యడమేంటి అత్తయ్యా?"

"అది దొంగది. నాకు తెలియకుండానే సాయానికి వచ్చేస్తుంది. కట్టెయ్ అంటే కట్టెయ్."

తువ్వాలుతో ఎడమచేతిని నడుముకు కట్టాను. వెడల్పు మూతి సీసాలో సగం దాకా మీగడ పోసి, మూత బిగించి ఇచ్చాను. కుడిచేత్తో కుదపడం మొదలుపెట్టింది. అదైనా ఒకచోట నిలబడి కాదు, గది ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూ. మొదట గలగలమంది. కాసేపటికి మీగడ చిక్కబడి చప్పుడే ఆగిపోయింది. చాలామంది విసిగి వదిలేసేది ఇక్కడే. ఆమె పళ్ళు బిగించి కుదుపుతూనే ఉంది. ఇరవై నిమిషాలకు లోపల ముద్ద తపతపా కొట్టుకుంది, మజ్జిగ విడిపోయింది.

"చూశావా! ఏ చెయ్యి పడిపోయిందన్నారు మీరంతా?"

నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. మజ్జిగ వంపేసి, వెన్నముద్దను ఐసు వేసిన నీళ్ళలోకి జార్చాను. అందులో పిసికి కడిగితేనే మిగిలిన మజ్జిగ పోతుంది, లేకపోతే నాలుగు రోజుల్లో వెన్న వాసన కొడుతుంది. ఆమె కుడిచేయి ముంచింది.

"ఏం నీళ్ళే ఇవి, చల్లగానే లేవు! వెన్న కరిగిపోతుంది. ఇంకాస్త ఐసు వెయ్."

వేశాను.

"పిసినారిదానా, మొత్తం వెయ్!"

ట్రే అంతా కుమ్మరించాను. ఆమె తీరిగ్గా పిసుకుతూనే ఉంది. తీరిక అనేది ఆమెలో నేనెప్పుడూ చూడలేదు. అనుమానమొచ్చి నేనూ చేయి పెట్టాను. ఎముకల దాకా జివ్వుమంటే చటుక్కున తీసేశాను. ఆమె నా ముఖం చూసింది.

"ఏమైందే?"

ఏమీ లేదనేద్దామనుకున్నాను. కానీ తువ్వాలు విప్పాను. ఎడమచేయి నీళ్ళలో పెట్టి, నిప్పు తగిలినట్టు లాక్కుంది. కుడిచేయి మాత్రం ఐసుముక్కల మధ్య అలాగే ఉంది.

కాలర్ మూల తిప్పేటప్పుడు కళ్ళు కుట్టు మీద ఉంటాయి, సూది ఎంత దగ్గరగా ఉందో వేలే చెప్పాలి. ఈ సంగతి నాకు ఆమె చెప్పిందే.

"సోమవారం వాడు చూసేది కత్తెర పట్టడం ఒక్కటే," అంది. "అది నేను పట్టగలను."

"పట్టగలరు అత్తయ్యా."

"ఇది వాడడగడు."

"అడగడు."

వెన్నను పళ్ళెంలో పెట్టింది. చేయి తుడుచుకుంటూ కుడివేళ్ళను ఒక్కొక్కటీ గిల్లి చూసుకుంది. నాకు భయమేసింది, ఆమె ఏమంటుందోనని కాదు, నన్నూ నోరు మూసుకోమంటే సరేనంటానేమోనని.

"సోమవారం నువ్వూ రా," అంది. "నేనే చెప్తాను. కత్తెర చేతికొచ్చాక నేను నోరు మెదపకపోతే, నువ్వు చెప్పు. తిట్టినా సరే, చెప్పు."