డబ్బా పొయ్యి

నరసన్నపేట ఇంకా రాకముందే హైవే మీద మా బస్సు చెడిపోయింది. నాన్నని చేర్చిన ఆసుపత్రి నుంచి తమ్ముడు ఫోను చేస్తానన్నాడు. నేను రోడ్డు పక్కన అటూ ఇటూ తిరుగుతూ, మాటిమాటికీ సెల్లు తీసి చూసుకుంటున్నాను.

నా ముందు సీటులో కూర్చున్న ముసలామె కూడా దిగింది. సంచిలోంచి రంగు డబ్బాకి కన్నం కోసి చేసిన బుల్లి పొయ్యి తీసింది. సరుగుడు పుల్లలు ఏరి అంటించి, గిన్నెలో చోడిపిండి అంబలి కలిపి పెట్టింది.

“ఏటి బావూ, నువ్వలా తిరిగితే బస్సు కదుల్తాదేటి? ఇలా కూకోని పుల్లలెట్టు. నాను తిప్పడం ఆపితే ఉండలు కట్టేస్తాది.”

చిరాకేసింది. అయినా కూర్చున్నాను. అంత చిన్న పొయ్యి నిమిషం ఊరుకోనివ్వదు. పుల్ల ఆలస్యమైతే పొగ, ఎక్కువైతే గిన్నె దాటి మంట. సెల్లు సంగతే మరిచిపోయాను.

ఆమె గ్లాసులో అంబలి పోసి నా చేతికిచ్చిందో లేదో, ఫోను మోగింది.

“అది మళ్లీ మోగుతాది గానీ, ముందు ఇది తాగు. సల్లారిపోతాది.”

ఆమె మాట ఎందుకు విన్నానో తెలీదు. ఊదుకుంటూ గ్లాసు ఖాళీ చేశాకే ఫోను ఎత్తాను.

ఆ పూటా, మర్నాడూ మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. నా కడుపులో ఆ అంబలి ఒక్కటే ఉంది.