భూదేవి అడిగిన కీర్తన

మా అత్త ఎంకవ్వకు అక్షరం ముక్క రాదు గానీ, దావీదు కీర్తనల్లో సగానికి పైగా నోటికి వచ్చు. ఎల్లారెడ్డి మిషన్ బడి అరుగు మీద కూర్చుని, పంతులమ్మ చదువుతుంటే విని విని పట్టుకున్నది. బాప్తిస్మం ఇచ్చిన పాదిరిగారు శారమ్మ అని పేరు పెడితే, "ఎంకవ్వ అంటెనే దేవుడు నన్ను గుర్తుపడతడు" అని ఆ పేరు ఆయనకే వదిలేసింది.

ఆమె దగ్గర ఒక్కో కష్టానికి ఒక్కో కీర్తన ఉండేది. కాన్పు కష్టమైతే ఒకటి, నిద్ర పట్టకపోతే ఇంకొకటి. నా మొగుడు అబ్రాహాము కామారెడ్డి పోయి మొదటిసారి రైలెక్కే రోజున, కొండల వైపు చూసి సాయం అడిగే కీర్తన చెప్పి పంపింది. "రైలుకు కొండలెందుకు అత్తా?" అని నేను నవ్వాను. "కాలు జారనియ్యడని ఉన్నది గద అండ్ల. రైలెక్కేటోనికి గంతకన్న ఏం గావాలె?" అన్నది. ఆమెతో వాదించి గెలిచిన వాళ్లను నేను చూడలేదు. ఇప్పుడు మా ఇంట్లో బైబిలు చదివేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ గొంతు మాత్రం లేదు. దాని కోసం నాకు ప్రాణం కొట్టుకుంటుంది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిది కావచ్చు, పోచారం కాలువ కింద భూదేవి పొలంలో కూలికి పోయేవాళ్లం. భూదేవి కాపుల ఇంటి కోడలు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మాలవాడ వాళ్లమని మమ్మల్ని తన గడప తొక్కనిచ్చేది కాదు. పొలం గట్టు మీద మాత్రం మా అత్తకు ఎదురుగా కూర్చుని గంటలకొద్దీ కష్టసుఖాలు చెప్పుకునేది. మా అత్త నాతో చెప్పని మాటలు కూడా ఆమెతో చెప్పేది. నాకు కాస్త కుళ్లుగానే ఉండేది.

ఆ ఏడు యాసంగి వరి పొట్ట మీద ఉండగా, భూదేవి మరిది గంగారాం ఆమె నీళ్ల వంతు లాగేసుకున్నాడు. ఆమె మడికి పోయే నీళ్లకు అడ్డం కట్టి తన పొలానికి మళ్లించుకున్నాడు. ఊరి పెద్దలు ఆడదాని మాట వినలేదు.

"ఎంకవ్వా, మీ దావీదు రాజుకు పగోళ్లు ఉండిరి గద," అన్నది భూదేవి ఒకరోజు. "వాళ్ల మీద ఏం పాడలేదా?"

"పాడిండు."

"అది నాకు చెప్పు. గంగారాం మీద చదువుత."

"అది మంత్రం గాదు పటేలమ్మా. కడుపుల మంట దేవుని ముంగట కుమ్మరించుకునుడు, గంతే."

"నాకున్నది గదే. చెప్పు."

అట్లా మొదలైంది. రోజూ పొద్దున పొలం గట్టు మీద మా అత్త ఒక్కో మాట అంటే, భూదేవి మరిది పేరు కలిపి తిరిగి అనేది. "గంగారాం దినాలు తగ్గిపోవాలె. గంగారాం కొలువు ఇంకొకనికి పోవాలె." ఆ కీర్తన చెప్పేటప్పుడు మా అత్త గొంతు మామూలు కంటే పెద్దగా ఉండేది. మా అత్త కాలువలో కుండ ముంచిందని, ఆ కుండను ఒకసారి కాలితో తన్నింది ఆ గంగారామే మరి.

ఎండలు ముదరక ముందే గంగారాం జ్వరంతో పడ్డాడు. ఎంకవ్వ మంత్రం పెట్టిందని ఊరంతా గుప్పుమన్నది. ఒక మధ్యాహ్నం గొంగడి కప్పుకుని, తూలుకుంటూ గట్టు మీదికి వచ్చాడు.

"ఎంకవ్వా, ఆ పాట వాపస్ తీస్కో. వదిన నీళ్లు వదినకు ఇడిశిపెడత. రేపే ఇడిశిపెడత."

భూదేవి గబుక్కున మా అత్త చెయ్యి పట్టుకుని నొక్కింది. తాకరాదన్న సంగతే ఆమెకు గుర్తు లేదు. నేనూ మనసులో, ఊకో అత్తా, ఊ అను చాలు, అని బతిమాలుకున్నాను.

"పటేలా," అన్నది మా అత్త, "నీ జ్వరం పాటతోని రాలే. చలిజ్వరం ఊరంత ఉన్నది. దవఖానకు పోయి గోలీలు మింగు, తగ్గుతది. ఆమె నీళ్లు ఆమెకు ఇచ్చుడు న్యాయం. ఇయ్యకున్నా నా పాటతోని నీకు ఏం గాదు."

గంగారాం గొంగడి సర్దుకుని వెళ్లిపోయాడు. గోలీలు మింగాడు, లేచి తిరిగాడు, నీళ్లు మాత్రం ఇవ్వలేదు.

"ఒక్క మాట మింగితె నా పొలం తడుస్తుండె!" అని అరిచి, ఆనాడే భూదేవి మమ్మల్ని పనిలోకి రావద్దన్నది.

ఇంటికి వచ్చాక నేనూ ఊరుకోలేదు. "నోరు మూసుకుంటె ఏం పోతుండె అత్తా?" అని కడిగేశాను. "దేవుని పేరు మీద అబద్ధమాడి నీళ్లు తెస్తె, రేపు ఆ పేరు పట్టుకొని నేనెట్ల ఏడుస్తనే?" అన్నది, అని ఏడ్చింది. భూదేవి వరి ఎండిపోయింది. పశువులను తోలి మేపేశారు. దారిలో ఎదురైతే భూదేవి ముఖం తిప్పుకునేది. మా అత్తకు అన్నం సయించేది కాదు. ఆమె అట్లా ఐపోవడం చూసి, గంగారాం కన్నా భూదేవి మీదే నాకు ఎక్కువ కోపం వచ్చేది.

ఒకనాడు పొద్దున మా వాడలో కుక్కలు ఒకటే మొరుగుడు. బయటికి వచ్చి చూస్తే భూదేవి. కాపు ఆడవాళ్లెవరూ అడుగు పెట్టని చోటికి వచ్చి, మా గడప ముందు నేల మీద కూర్చున్నది.

"ఎంకవ్వా, ఆ కీర్తన చెప్పు. ఈసారి నీ మీద."

నాకు ఒళ్లు మండి చీపురు అందుకున్నాను. మా అత్త నన్ను ఆపి, ఆమెకు ఎదురుగా కూర్చుని మొదలుపెట్టింది. ఒక్క మాట తగ్గించలేదు.

"ఎంకవ్వ దినాలు తగ్గిపోవాలె," అన్నది భూదేవి. మా అత్త కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, అయినా ఆపలేదు. పగవాని పిల్లలు బిచ్చమెత్తాలనే చోటు వచ్చింది. ఆ మాట కూడా చెప్పింది. భూదేవి నోరు తెరిచి నా వైపు చూసింది. అప్పుడు నాకు ఏడో నెల.

"ఇది వద్దు," అన్నది. "ఇది దాటెయ్యి ఎంకవ్వా."

మా అత్త దాటేసింది. చివరికి, నేను దిక్కులేనిదాన్ని, నా గుండె లోపల గాయపడ్డది అనే మాట దగ్గరికి వచ్చారు. అక్కడ ఎవరి పేరూ కలపలేదు, ఇద్దరూ కలిసే అన్నారు.