అమ్మ చేతిలో వదులు తాడు

మా కుక్క ఇక ఎక్కడికీ పోదు! ఈ పొద్దున సూర్యాపేట కూరగాయల మార్కెట్ దాకా అమ్మే దాన్ని నడిపించింది.

పోయిన నెల అది లాగితే అమ్మ రోడ్డు మీద పడి మోకాలు గీరుకుపోయింది. "ఇంకోసారి గుంజితే నిడమనూరుల మీ మామ పొలం కాడ కట్టేసొస్త," అంది. అప్పటి నుంచి రోజూ నేనే తిప్పాను. అది గుంజి తాడు బిగిస్తే నేను ఆగడం, వదులైతే నడవడం. మా గల్లీ దాటడానికే అరగంట పట్టేది.

"ఇంట్ల మొదటి డిగ్రీ నీదే అంటిమి. కుక్కతోని నిలబడుడేనా సదివింది?" అని ఎదురింటి పెద్దమ్మ నవ్వేది.

ఈరోజు తాడు అమ్మకిచ్చాను. మటన్ దుకాణం ముందు తాడు బిగిసింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ ఆగింది. కుక్క వెనక్కి చూసి, ఆమె కాళ్ల దగ్గరికొచ్చింది.

"నేను గూడ పాసైనట్టేనా బిడ్డా?" అంది అమ్మ.

ఇక ఫోన్లు చేయాలి. కుక్క కోసం అప్పుడే గుంజ పాతిన మామకు, కోదాడలో అక్కకు, కుక్కపిల్లను ఇచ్చిన మిర్యాలగూడ చిన్నాయనకు. ఎదురుగా గడపలోనే కూర్చున్నా సరే, పెద్దమ్మకు కూడా.