నెత్తినే మోల్డు చేసి పోసిన కిరీటం

కిరీటం దొరకక ఏడ్చిన రాజులు ఉండొచ్చు. కిరీటం ఊడక ఏడ్చిన రాజును మీరు చూసి ఉండరు. నేను చూసిన, మా ఇంటి అద్దంల. ఆ సత్యనాశనం ముచ్చట ఇప్పుడు చెప్త. నవ్వెటప్పుడు జెర మర్యాదగ నవ్వుండ్రి, ఎంతైనా రారాజును.

తొంభైల నాటి మాట. ఏడో తరగతిల సదువు నన్ను ఇడిసిందో, నేనే సదువును ఇడిసిన్నో యాదికి లేదు గని, ఇద్దరం సుఖంగనే ఉన్నం. పటాన్‌చెరు దిక్కు ఒక షెడ్డుల ఫైబర్ నీళ్ల ట్యాంకులు చేసే పని నాది. మోల్డుకు ముందుగాల మైనం రుద్దాలె. దాని మీద గాజు నార పరిచి, జిగురు లెక్కుండే రెజిన్ పూయాలె. గట్టిపడ్డంక ట్యాంకును ఊడగుంజాలె. మైనం మర్చిపోయినమా, ట్యాంకూ మోల్డూ కొత్త పెండ్లి జంట లెక్క ఒకదాన్నొకటి ఇడువయి.

మా ఊర్ల ఏటేటా నాటకం ఏస్తరు. దుర్యోధనుడి ఏషం నాది. నేను మీసం దువ్వి పద్యం ఎత్తుకుంటే ముందట కూసున్న పిల్లలు తల్లుల కొంగుల్ల దూరెటోళ్లు. అసొంటిది, అంతకు ముందేడు గదాయుద్ధంల నా అట్ట కిరీటం చెమటకు నాని, భీముడు ఇట్ల తాకిస్తే అట్ల నానిన అప్పడం లెక్క చెవు మీదికి వాలింది. జనం నవ్వుకు హార్మోని గూడ ఆగింది.

నాటకం నేర్పే శివయ్య తాత నన్ను పక్కకు పిలిచిండు.

"ఈసారి గిట్ల కిరీటం ఒరిగిందనుకో, నీ ఏషం ఇంకొకనికిస్త. నువ్వు పరదా గుంజు."

పరదా గుంజుడా! హస్తినాపురం ఏలినోన్ని, తాడు పట్టుకోని నిలబడాల్నా?

అట్ట కిరీటాన్ని ఫైబర్‌తోని గట్టి చేద్దామని, నాటకం నాడు మధ్యాహ్నం షెడ్డుల అడిగి, మిగిలిన రెజినూ నారా ఇంటికి తెచ్చిన. మైనం డబ్బా మాత్రం మేస్త్రి ఇయ్యలే. కిరీటానికి బయటికెల్లి పూస్తే బంగారు రంగు ఖరాబైతది, లోపలికెల్లే పూయాలె. లోపల పూస్తే నార జారుతది. జారకుండ లోపల గుండ్రటి మోల్డొకటి ఉండాలె. ఇల్లంత ఎతికిన. బిందె పెద్దగైంది. చెంబు చిన్నగైంది. సరింగ సరిపోయే గుండ్రటిది ఆఖరికి అద్దంల కనబడ్డది.

నా భార్య లక్ష్మి కూరగాయలు కోస్తా కోస్తా చూసింది.

"ఏమయ్యో, నెత్తికి కవరన్న కట్టుకో."

"కవరు కడితే కొలత తప్పుతది. ట్యాంకులు పోసెటోనికి నువ్వు నేర్పుతవా?"

"ట్యాంకుల మోల్డుకు ఎంటికలుంటయా?"

"మైనం బదులు కొబ్బరినూనె రుద్దిన తియ్!"

పొద్దుగూకెలోపు గట్టిపడాలని, గట్టిపరిచే మందు రెండింతలు కలిపి, కిరీటం లోపల నార పరిచి పూసి, నెత్తికి పెట్టుకున్న. ఆ మందు ఎక్కువైతే రెజిన్ ఉడుకుతదని ట్యాంకుల విషయంల నాకు బాగ తెలుసు. నా విషయంలనే తెల్వలే.

"లక్ష్మీ! నెత్తి కాలుతుందే!"

"తియ్యి మరి!"

"వస్తలేదే!"

బిందెడు నీళ్లు కుమ్మరించింది. సల్లబడ్డది. సల్లబడి రాయైంది. గుంజితే కిరీటంతోని కనుబొమ్మలు గూడ పైకి లేస్తున్నయి.

అంతల నా బామ్మర్ది యాదగిరి వచ్చిండు. భీముడి ఏషం ఆయనదే, షెడ్డుల నా పక్కన పని చేసేదీ ఆయనే.

"బావా, మోల్డుల పీసు ఇరుక్కుంటే ఏం చేస్తం?"

"చుట్టూ రబ్బరు సుత్తితోని కొడతం."

"అయితే కూసో."

కూసున్న. టప్పు టప్పుమని చుట్టూ కొట్టిండు. పండ్లు కదిలినయి, కిరీటం కదల్లే.

"ఇగ ఒక్కటే తొవ్వ బావా. మోల్డు పగలగొట్టాలె."

"ఒరేయ్, మోల్డంటే నా నెత్తిరా!"

"అదే ఆలోచిస్తున్న," అన్నడు, సుత్తి కింద పెట్టకుండనే.

ఇగ గట్లనే స్టేజీ ఎక్కిన. చెప్తే నమ్మరు, ఏం ఠీవి! మెడ తిప్పితే కిరీటం తిరుగుతున్నది, కండ్లు గూడ తిరుగుతున్నయి. జనం చప్పట్లు. గదాయుద్ధం వచ్చింది. యాదగిరి గద అంటే కట్టెకు గుచ్చిన ఎండు సొరకాయ, పైన వెండి రంగు కాయితం. జనం ముందట నాకు గర్వం తన్నుకొచ్చింది.

"కొట్టరా భీమా, నెత్తి మీద కొట్టు!"

కొట్టిండు. సొరకాయ పటాకి లెక్క పేలింది. గింజలు పోయి హార్మోనిల పడ్డయి. కిరీటం మీద గీత గూడ పడలే. భీముడి చేతిల ఉత్త కట్టె మిగిలింది.

ముందట కూసున్న ముసలవ్వ లేచి ఒర్లింది.

"ఓరి పిచ్చోడా! భీముడు సంపేది తొడ మీద కొట్టిగదరా! నెత్తినెందుకు గట్టి చేసుకున్నవ్?"

యాదగిరికి అప్పుడు కథ యాదికొచ్చింది. సొరకాయ లేని ఉత్త కట్టెతోని తొడ మీద ఇచ్చిండు ఒక్కటి. నేను పెట్టిన బొబ్బ నాటకంల లేదు. మూడూర్ల కుక్కలు బదులిచ్చినయంటరు. జనం మాత్రం, "ఏం నటనరా!" అని లేచి ఈలలేసిన్రు.

శివయ్య తాత కండ్లనీళ్లు తీసుకున్నడు.

"సచ్చినా కిరీటం ఒరగనియ్యలే! నేనున్నన్ని దినాలు ఈ ఏషం నీదే కొడుకా. ఇగ తీసి నా చేతికియ్యి."

"పొద్దుగాల ఇస్త తాతా," అన్న కుంటుకుంట.

తెల్లారి సెలూన్ సత్తెన్న కిందికెల్లి కత్తెర దూర్చి, ఒక్కొక్క కుచ్చు కోసి, కొబ్బరికాయకు పీచు తీసినట్టు కిరీటం తీసిండు. నా జుట్టంత దాని లోపలనే ఉండిపోయింది. లక్ష్మి ఒకపారి నా దిక్కు చూసింది, ఒకపారి కిరీటం దిక్కు చూసింది.

"ఈ జుట్టు నీకంటే దానికే అందంగున్నది," అన్నది.

నున్నటి గుండు మీద చెయ్యి పెట్టుకోని ఆడనే ఒట్టేసిన: ఈ జన్మల ఇంకెప్పుడూ నా ఒంటి మీద నార పరిచి రెజిన్ పూయ. ఒకవేళ పూయాల్సొస్తే, ముందుగాల యాదగిరి మీద పూసి చూస్త.