పెద్దమ్మ చూడని పైన్ చెట్టు

మొన్న క్రిస్మస్ ముందు మెదక్ బజార్లో ప్లాస్టిక్ చెట్టు ఒకటి కనిపిస్తే, ఆగి దాని ఆకులు విడదీసి చూడటం మొదలుపెట్టాను. దుకాణదారుకు ఒళ్లు మండింది. "అమ్మా, కొంటె కొనుండ్రి, గట్ల పీకకుండ్రి" అన్నాడు. ఈ జబ్బు నాకు మా పెద్దమ్మ నుంచి అంటింది.

పెద్దమ్మ బళ్లో వృక్షశాస్త్రం చెప్పేది. మా చర్చి వీధిలో డిసెంబరు వచ్చిందంటే ఇంటింటికీ సరుగుడు కొమ్మ తెచ్చి, అదే పైన్ చెట్టని మురిసిపోయి, మంచులా దూది అంటించేవాళ్లం. పెద్దమ్మ వచ్చి ఆ కొమ్మ దగ్గరే నిలబడిపోయేది. "గిది పైన్ గాదే. జర గుంజి సూడు, కణుపు కణుపుకు ఊడొస్తది. చీర్ పైన్‌కైతే గుత్తికి మూడాకులు, జానెడు పొడుగుంటయి" అనేది. ఆ చెట్టు కశ్మీరు నుంచి భూటాన్ దాకా హిమాలయాల దిగువ కొండల మీద పెరుగుతుందనీ, బెరడు మందంగా పెచ్చులు కట్టి ఉంటుందనీ, పండు కాయదనీ, చెక్కలాంటి పొలుసుల మధ్య దాగిన గింజకు రెక్క ఉండి గాలికి ఎగిరిపోతుందనీ, పాఠం అంతా అయ్యేదాకా కేకు కోయనిచ్చేది కాదు. మా నాన్న కేకు వైపే చూస్తూ తల ఊపేవాడు.

ఒకసారి రేగోడ్ నుంచి వచ్చే విద్యార్థిని "మీరు సూసిండ్రా మేడం?" అని అడిగిందట. లేదని చెప్పి ఇంటికొచ్చిన పెద్దమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. "పుస్తకమే తప్పైతే? గింతమంది పిల్లలకు అబద్ధం చెప్పినట్టే గద" అంది. రిటైరైనా ఆ బెంగ పోలేదు. మోకాళ్లు మొరాయించడం మొదలయ్యాక, ఇంక ఆలస్యం చేస్తే లాభం లేదని నేనే ఆమెను ఉత్తరాఖండ్ తీసుకెళ్లాను.

కొండ మలుపులో కారు ఆపించి, టీ బండి పక్కన కుర్చీ వేయించి కూర్చోబెట్టాను. చుట్టూ ఎర్రటి బెరడు చెట్లు, ఎండకు కాగిన బంక వాసన. ఆమె తల పైకెత్తనే లేదు. నేల మీద రాలిన ఆకుల గుత్తి ఒకటి తీసిమ్మని, వేళ్లతో విడదీసి లెక్కపెట్టింది. మూడే ఉన్నాయి.

"నిజమే చెప్పిన బిడ్డా" అని ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత గానీ తలెత్తి చెట్టును చూడలేదు. అట్లా చూస్తూ టీ చల్లార్చుకుంది. ఆమె పోయాక, ఆమె పాఠాలు చెప్పిన ఏళ్లన్నీ నాకు కలగాపులగంగా గుర్తొస్తాయి గానీ, ఆ టీ చల్లారినంత సేపు మాత్రం ఇంకా గడవనే లేదనిపిస్తుంది.