కరీంనగర్ రోడ్డు మీద నా సవతులు

ఆ రోజుల్లో కొత్త పెళ్ళికూతురన్నాక ఎవరో ఒకరంటే బెంగ ఉండేది. కొందరికి అత్త, కొందరికి ఆడబిడ్డ. నాకు మాత్రం ఒక రోడ్డు. మా ఆయన హైదరాబాదు నుంచి ఉత్తరంగా సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి మీదుగా మంచిర్యాల దాకా పోయే బస్సుకు డ్రైవరు. ఇవాళ పోతే రేపు వచ్చేవారు. హుస్సేనీ ఆలంలోని మా రెండు గదుల ఇంట్లో అడుగుపెట్టగానే (చెప్పులైనా విప్పకుండా) ఆ రోడ్డు కబుర్లే. "సిద్దిపేటామె సర్వపిండి పెట్టింది, మస్తుగుండె." "కరీంనగర్ల పూలామె ఈ మల్లెపూలు నీకిమ్మన్నది." వింటుంటే నాకు వాళ్ళంతా సవతుల్లాగే తోచేవారు. ఆ పూలు పెట్టుకోబుద్ధయ్యేది కాదు, పారేయబుద్ధీ అయ్యేది కాదు.

పక్కింటి ఖాలాతో చెప్పుకుంటే ఆవిడ పాన్ నములుతూ, "లంబీ సడక్ వాలోంకా భరోసా నక్కో కర్ బేటీ, ఏక్ బార్ జాకే దేఖ్ లే" అంది. దూరం రోడ్లు తిరిగే మగవాళ్ళను నమ్మకు, ఒకసారి పోయి చూసుకో అని. నాకు కావలసింది ఆ మాటే. మరుసటి ట్రిప్పు రోజు ఆయన గడప దాటగానే పెళ్ళిపట్టుచీర కట్టుకుని (సవతులు చూసి కుళ్ళాలి కదా), ఆటోలో బస్టాండుకు పోయి, డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. అద్దంలో నన్ను చూసి ఆయన తెల్లబోయారు.

"నువ్వేంది ఈడ?"

"మంచిర్యాల చూడబుద్ధయింది. చూడొద్దా?"

"చెప్తే నేనే తోల్కపోతుంటి గద!"

దారిలో చెరువులు వచ్చినా, గుట్టలు వచ్చినా నా కళ్ళు ఆడవాళ్ళ మీదే. సిద్దిపేటలో బస్సు ఆగగానే టిఫిను బండి దగ్గర నుంచి ఒకామె పరుగున వచ్చింది. చక్కగా కూడా ఉంది (అదే నా ఖర్మ). కిటికీలోంచి నన్ను కిందికీ మీదికీ చూసి, "అన్నా, గీమెనేనా చారుల రెండుసార్లు ఉప్పేసే మా వదినె?" అంది. ఆయన స్టీరింగులోకి తల దూర్చారు. "ఎలుకను చూసి మంచమెక్కి గల్లీ మొత్తం లేపినవట గద వదినె!" అని ఆమె నవ్వితే బస్సంతా నవ్వింది. కరీంనగర్‌లో పూలమ్మే ఆవిడ బోసినోటి ముసలమ్మ. "అలిగితే మాట్లాడని పిల్లవు నువ్వేనా బిడ్డా?" అంటూ తనే నా జడలో పూలు తురిమింది. పెద్దపల్లి చాయ్ హోటలాయన, "ఈమెకు తీపి ఎక్కువ గావాలె గద" అని అడక్కుండానే ఇంకో చెంచా చక్కెర వేశాడు.

మంచిర్యాలలో జనం దిగిపోయాక అడిగాను: "నా ముచ్చట రోడ్డు పొడుగునా చాటింపేసినవా?"

ఆయన చేతులు నలుపుకున్నారు. "గంత దూరం నిన్నిడిసి పోవాలె. ఇంకెవరి ముచ్చట చెప్పాలె మరి?"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తిరిగి వచ్చేటప్పుడు సిద్దిపేటామెను సర్వపిండి ఎట్లా చేయాలో అడిగి తెలుసుకున్నాను (ఇప్పటికీ నాకది మాడుతుంది).

ఇప్పుడాయన కిషన్‌బాగ్‌లో స్కూలు బస్సు నడుపుతున్నారు. పోయిన నెల కరీంనగర్‌లో పెళ్ళికని అదే దారిన కారులో పోయాం. కారు ఊళ్ళోకి పోకుండా బైపాస్ మీద తుర్రుమంటుంటే, అద్దం దించుకుని, ఎవరైనా గుర్తుపడతారేమోనని చూస్తూ కూర్చున్నాను.

"ఏంది, గాలి కోసమా?" అన్నారాయన. అవునన్నాను.

మూతి ముడుచుకుని బస్సెక్కిన ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. కాస్త కుళ్ళు కూడా. ఆమెను ఎరగని ఊరు ఆ దారిలో లేదు.