ఆ ఇద్దరు లాగినప్పుడే ఊగే ట్రైలర్

2006 ఏప్రిల్‌లో అమెరికాలోని నేపర్‌విల్ దగ్గర ఒక చిన్న వర్క్‌షాప్‌లో జూనియర్ ఇంజినీర్‌గా చేరాను. అప్పటికి నాకు నలభై దాటాయి. పగలు టైర్ల దుకాణంలో పనిచేస్తూ, సాయంత్రాలు కాలేజీకి వెళ్లి మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేశాను. మా అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. చేరిన రోజు ఎవరూ అడగకపోయినా సర్టిఫికెట్ సంచిలో పెట్టుకుని వెళ్లాను. మా సీనియర్ ఇంజినీర్ రాఘవరావు గారిది గుంటూరు. నా సర్టిఫికెట్ చూసి ఆయన, "ఫ్రేమ్ కట్టించుకుని రావాల్సిందమ్మా, గోడకి మేకు నేనే కొట్టేవాణ్ణి," అన్నారు. అది వేళాకోళమని తెలిసినా నాకు సంతోషంగానే అనిపించింది. ఆ రోజుల్లో నాకు ప్రతిదీ సంతోషంగానే అనిపించేది.

మా వర్క్‌షాప్ చూసేది ట్రాక్ కార్ల పని. రేసు ట్రాక్ మీద సరదాగా తిప్పుకోవడానికి మార్చుకున్న కార్లివి. వీటికి నంబర్ ప్లేటు ఉండదు, రోడ్డు మీద నడపకూడదు. అందుకని ట్రైలర్‌లో ఎక్కించి, ఇంకో వాహనంతో లాక్కుపోవాలి. ఏ కారుకి ఏ ట్రైలర్, దాన్ని లాగడానికి ఏ వాహనం, ఆ రెండూ కలిస్తే డ్రైవర్‌కి ఏ లైసెన్స్ కావాలి అన్నది తేల్చి చెప్పడం జూనియర్ పని. కొలతలన్నీ తీసి, స్వయంగా రోడ్డు మీద లాగి చూసి, రిలీజ్ కాగితం మీద సంతకం పెట్టాక గానీ బండి గేటు దాటదు. నేను పెట్టిన మొదటి రిలీజ్ సంతకం శ్రీకాంత్ బండిదే.

శ్రీకాంత్ ఊరు వరంగల్. హెచ్-వన్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య మాధవి విజయవాడ అమ్మాయి. పక్క ఊళ్లో భర్త పోయిన ఒక పెద్దావిడ దగ్గర ఆ పాత రెండు తలుపుల కారు కొన్నారు. ఆయన బతికుండగా స్టీరింగ్ మీద ఎవరినీ, చివరికి తనని కూడా, చెయ్యి వెయ్యనివ్వలేదని ఆవిడ తాళాలు ఇస్తూ చెప్పిందట. ఆ మాట మాధవి మనసులో ఉండిపోయింది.

శ్రీకాంత్ తన మినీవ్యాన్‌తోనే లాగుదామనుకున్నాడు. అది లాగగలిగే బరువు మూతలేని చిన్న ట్రైలర్‌కే చాలదు. పెద్ద ఎస్‌యూవీ చూపించాడు. లాగే శక్తి ఉంది గానీ, మోసే శక్తి తక్కువ. ఈ రెండూ వేరు. ట్రైలర్ ముందు భాగం లాగే బండి కొక్కెం మీద కొంత బరువు మోపుతుంది. దాన్ని మేం టంగ్ వెయిట్ అంటాం. అది ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతుకి తగ్గకూడదు. ఆ బరువు, మనుషులు, సామాను అన్నీ లాగే బండే మోయాలి. చివరికి నాలుగు తలుపుల పికప్ ట్రక్ ఖాయం చేశాను.

ఇక లైసెన్స్. శ్రీకాంత్‌కి నచ్చిన పెద్ద ట్రైలర్ ప్లేటు మీద రాసున్న బరువు పదివేల పౌండ్లు దాటింది.

"ఖాళీగా తీస్కపోతే తక్కువే కదక్కా?" అన్నాడు.

చట్టం లోపల ఏముందో చూడదనీ, తయారుచేసినవాళ్లు ప్లేటు మీద వేసిన అంకెనే చూస్తుందనీ, ఆ హద్దు దాటితే మామూలు కారు లైసెన్స్ పనికిరాదనీ చెప్పాను.

"ట్రక్ లైసెన్స్ తీసుకోవాల్నా అయితే? హెచ్-వన్ మీదున్నోడికి ట్రక్ లైసెన్స్ ఎందుకురా అని ఇమిగ్రేషనోళ్లు అడిగితే ఏం చెప్పాలె?"

"ప్రాజెక్ట్ అయిపోతే లారీ తోల్తానని చెప్పు," అంది మాధవి.

హద్దుకి బాగా లోపల ఉన్న, నాలుగు వైపులా మూసిన తెల్ల ట్రైలర్ ఎంపిక చేశాను. ఉన్న లైసెన్సే సరిపోయింది. కారు ఎక్కించి, టంగ్ వెయిట్ తూచి, హైవే మీద లాగి చూశాను. వెనక ట్రైలర్ ఉందన్న సంగతే మరిచిపోయేంత కుదురుగా వచ్చింది. సంతకం పెట్టాను. ఆ సాయంత్రం ఇంటికెళ్లి మావారికి నా సంతకం మళ్లీ ఒకసారి పెట్టి చూపించాను.

వాళ్ల అపార్ట్‌మెంట్‌లో చోటు లేక కారు, ట్రైలర్ మా షెడ్డులోనే ఉంచేవారు. శుక్రవారం మేమంతా వెళ్లిపోయాక వాళ్లే వచ్చి ఎక్కించుకుని, శనివారం పొద్దున్నే విస్కాన్సిన్‌లో ఉన్న ట్రాక్‌కి బయల్దేరేవారు. ఆదివారం తెచ్చి, దించి, తాళం వేసి వెళ్లేవారు.

మొదటి ప్రయాణం అయిన సోమవారమే ఫోన్ వచ్చింది.

"అక్కా, ట్రైలర్ ఊగుతుంది. గాలి లేదు, ఏం లేదు. లోపల ఎవలో ఇటు నుంచి అటు నడుస్తున్నట్టుంది. స్పీడ్ తగ్గిస్తే ఆగుతున్నడు."

ఆగుతున్నాడు అన్నాడు, ఆగుతోంది అనలేదు.

అదే రోజు అదే కారు ఎక్కించి, అదే ట్రక్కుతో అదే రోడ్డు మీద లాగాను. అరవై మైళ్ల వేగంలో కూడా చెక్కు చెదరలేదు. తరువాతి వారం వాళ్లు వెళ్లారు, మళ్లీ ఊగింది. నేను లాగాను, ఊగలేదు. టైర్లు, బేరింగులు, కొక్కెం, ట్రైలర్ బ్రేకులు అన్నీ విప్పి చూశాను. ఏ లోపమూ లేదు. మాధవి షెడ్డుకి వచ్చి, కారుకి ఎడంగా నిలబడి, గొంతు తగ్గించి అంది: "మీరంటే ఆ పోయినాయనకి కోపం లేదక్కా. కారు మాదయింది కదా, మేమంటేనే."

నేను నవ్వలేదు. షెడ్డులో ఆ కారు ఉన్న మూల దగ్గరికి వెళ్లేటప్పుడు నేను కూడా లైటు వేసుకుని వెళ్లడం మొదలుపెట్టాను.

రాఘవరావు గారు మాత్రం, "ఏమ్మా గ్రాడ్యుయేటూ, దయ్యాల సబ్జెక్టు మీ సిలబస్‌లో ఉందా?" అన్నారు. తరువాత నవ్వు ఆపి, ట్రైలర్ అలా ఊగి ఊగి లాగే బండినే బోల్తా కొట్టించడం తాను చూశాననీ, సంతకం నాది కాబట్టి ఆ ఇద్దరి ప్రాణాలూ నా పూచీ అనీ చెప్పారు. కారణం తేలేదాకా రిలీజ్ వెనక్కి తీసుకోవచ్చు. కానీ నేను లాగితే ఊగని బండికి షెడ్డులో కారణం ఎలా తేలుతుంది? శనివారం వాళ్లతో పాటు వెనక సీట్లో కూర్చుంటానని, యాభై దాటకుండా నడపాలని, ఎప్పుడూ ఎలా వెళ్తారో అలాగే వెళ్లాలని, నేను దేన్నీ ముట్టుకోనని చెప్పి ఆయన దగ్గర అనుమతి తీసుకున్నాను.

నేను వెళ్లేసరికి ట్రైలర్ తాళం వేసి సిద్ధంగా ఉంది. దారంతా పొగమంచు. ముందున్న బండ్ల ఎర్ర దీపాలు తప్ప రోడ్డుకి రెండు పక్కలా ఏమీ కనిపించడం లేదు. నలభై దాటేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. యాభై దగ్గరపడుతుండగా మాధవి మాట ఆపేసింది. ఆమె చూపు సైడ్ అద్దంలో ఉంది.

నేనూ చూశాను. ఎడమ అద్దంలో తెల్ల గోడ నెమ్మదిగా బయటికి వచ్చింది, లోపలికి పోయింది. తరువాత కుడి అద్దంలో వచ్చింది. మళ్లీ ఎడమకి. ప్రతిసారీ కాస్త ఎక్కువ. బరువైన మనిషి తొందరేమీ లేకుండా ఆ గోడ నుంచి ఈ గోడకి నడుస్తున్నట్టే ఉంది.

"లేచాడు," అంది మాధవి.

ట్రక్కు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని పక్కకి లాగినట్టయింది. శ్రీకాంత్ కాలు బ్రేకు మీదికి పోతోంది.

"బ్రేక్ వద్దు! యాక్సిలరేటర్ వదిలెయ్. స్టీరింగ్ తిన్నగా పట్టుకో, తిప్పకు!"

ట్రక్కు బ్రేకు తొక్కితే ట్రైలర్ వెనకనుంచి తోసి ఇంకా అడ్డం తిరుగుతుంది. ట్రైలర్‌కి విడిగా బ్రేకులుంటాయి, వాటి మీట డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది. సీట్ల మధ్య నుంచి వంగి ఆ మీట నొక్కాను. తెల్ల గోడ ఇంకో రెండుసార్లు వచ్చిపోయి, అద్దాల్లోంచి మాయమైంది. రోడ్డు పక్కకి తీసి ఆపాం.

మాధవి దిగలేదు. శ్రీకాంత్ తాళం తీశాడు, నేను వెనక తలుపు తెరిచాను. చీకట్లోంచి రెండు హెడ్‌లైట్లు నా మొహంలోకి చూస్తున్నాయి.

ఒక అడుగు వెనక్కి వేశాను. కర్పూరం వాసన వచ్చింది. బానెట్ మీద పసుపు, కుంకుమ. నేనెప్పుడూ ముక్కు ముందుకి ఉండేలా ఎక్కిస్తాను కాబట్టి, ఈ తలుపు తీస్తే నాకు కనిపించాల్సింది కారు వెనక భాగం.

"ఇదేంటి శ్రీకాంత్, రివర్స్‌లో ఎక్కించారా?"

"అమ్మ చెప్పిందక్కా. ఎక్కించి పూజ చేసిన బండి, దిగంగనే ముందుకు నడ్వాలె, వెన్కకు నడ్వొద్దన్నది. మొదటిసారి నుంచి గట్లనే ఎక్కిస్తున్నం. ఊగుడు షురువైనంక ఇంక అస్సలు తప్పకుండ."

నాకు అర్థమైంది. ఇంజిన్ ముందుండటంతో ఆ కారు బరువులో సగానికి పైగా ముందు భాగంలోనే ఉంటుంది. దాన్ని తిప్పి ఎక్కించేసరికి ఆ బరువంతా ట్రైలర్ చక్రాల వెనక్కి పోయింది. దానికి తోడు విడి చక్రాలు, జాకీ, పులిహోర, పెరుగన్నం పెట్టిన ఐస్ పెట్టె కూడా తలుపు పక్కనే ఉన్నాయి. నా సంచిలోని కాటా పెట్టి చూస్తే కొక్కెం మీద బరువు దాదాపు లేదు. ముందు తేలికై, తోక బరువైన ట్రైలర్ వేగం అందుకోగానే ఊగుతుంది. భయపడేకొద్దీ వాళ్లు ఆ నియమం ఇంకా గట్టిగా పాటించారు.

హజార్డ్ లైట్లు వేసుకుని, మెల్లగా తరువాతి ట్రక్ స్టాప్‌కి వెళ్లాం. తిప్పి ఎక్కించాలంటే మాధవి ఒప్పుకోలేదు. "ట్రాక్‌లో వెనక్కి దిగుతుంది కదక్కా, అత్తయ్యకి ఏం చెప్పను?"

"ఇక్కడ ముందుకే దిగుతుంది కదమ్మా. అదే దాని మొదటి అడుగు అనుకో."

మాధవి సంచిలోంచి నిమ్మకాయలు తీసి చక్రాల కింద పెట్టింది. లారీ డ్రైవర్లు కాఫీలు పట్టుకుని చూస్తుండగా కారు నిమ్మకాయల్ని నలుపుకుంటూ ముందుకి దిగింది. ముక్కు ముందుకి పెట్టి ఎక్కించి, సామానంతా ముందుకి సర్ది, మళ్లీ తూచాను. బరువు సరిపోయింది.

అరవైలో కూడా ట్రైలర్ నిశ్శబ్దంగా వచ్చింది. చాలాసేపటికి మాధవి అద్దంలోంచి చూపు తిప్పకుండానే అడిగింది: "దిగిపోయాడంటారా?"

ఇంజిన్ బరువు, చక్రాలు, కొక్కెం అన్నీ వివరంగా చెప్పాను. శ్రద్ధగా విని, "అర్థమైందక్కా. ట్రక్ స్టాప్‌లోనే దిగుంటాడు," అంది.

రిటైరయ్యేదాకా నేను ఈ పని చేశాను. ఆ శనివారం తరువాత నేను ఎక్కించిన బండి మీద సంతకం పెట్టడం మానేశాను. తీసుకెళ్లేవాళ్లే నా కళ్లముందు ఎక్కించాలి, ఎందుకలా ఎక్కిస్తున్నారో చెప్పాలి, ఆ తరువాతే తూచేదాన్ని. నేను ఎక్కించి తూస్తే తెలిసేది నా అలవాటు బరువే. రోడ్డు మీదికి వెళ్లేది వాళ్ల అలవాటు.